క్యాప్ కింది పన్ను

ఆ ఉత్తరంలో ఉన్నవి మూడే వాక్యాలు. రోగి నోటిని పరీక్షించాననీ, పళ్ళలోగాని చిగుళ్ళలోగాని ఇన్‌ఫెక్షన్ ఏదీ లేదనీ, గుండె ఆపరేషనుకు తన వైపునుంచి అభ్యంతరం లేదనీ రాసి, పళ్ళ డాక్టరు సంతకం చేసి ముద్ర వేశాడు. మొదటి వాక్యం సగం నిజం. రెండోది అబద్ధం, అయితే అది అబద్ధమని రాసినవాడికి తెలియదు. మూడోది రెండోదాన్ని నమ్ముకున్నది. నా తమ్ముడి ప్రాణం ఆ మూడోదాన్ని నమ్ముకుని ఉంది.

తమ్ముణ్ణి ఇంటా బయటా అందరూ ముత్యం అనే పిలుస్తారు. పళ్ళు తయారుచేస్తాడని ఆ పేరు పెట్టింది ఈ డాక్టరే. కింద డాక్టరు క్లినిక్కు, పైన రెండు గదుల్లో తమ్ముడి లాబ్. డాక్టరు రోగి నోటికి అచ్చు తీసి పైకి పంపుతాడు. తమ్ముడు ఆ అచ్చులో ప్లాస్టరు పోసి, దానిమీద మైనంతో పన్ను చెక్కి, పింగాణీ క్యాప్ కట్టి, కొలిమిలో కాల్చి కిందికి పంపుతాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. రోగుల ముఖాలు అతనికి తెలియవు, నోళ్ళు తెలుసు. బజారులో ఎవరైనా పలకరించి నవ్వితే మనిషి గుర్తుకు రాకముందే పన్ను గుర్తొస్తుందని మా మరదలు ఎగతాళి చేస్తుంది.

లాబ్ కిటికీలో ఒక గాజు సీసా ఉంటుంది. అంచు వెంట్రుకవాసి తేడా వచ్చిన క్యాపులు, రంగు ఒక ఛాయ ఎక్కువైనవి, కాల్చడంలో నెర్రె విచ్చినవి అందులో వేస్తాడు. అవన్నీ గది దాటి బయటికి పోనివి. ఒకసారి బయటికి పోయినది ఏదీ ఆ సీసాలోకి తిరిగి రాలేదన్నది అతని గొప్ప. అతని కుడి కింది దవడ పన్నుకూ ఒక క్యాప్ ఉంది. ఇరవయ్యారేళ్ళ కిందట తానే చేసుకున్నాడు, డాక్టరు బిగించాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు నమూనా చూపించాల్సి వస్తే నోరు తెరిచి దాన్నే చూపించేవాడు.

ఆపరేషనుకు ఆరు వారాల ముందు, అచ్చులున్న పళ్ళెం పట్టుకుని లాబ్ మెట్లు ఎక్కుతూ అతను స్పృహ తప్పి పడిపోయాడు. పదకొండు అచ్చులు పగిలాయి. కొత్త చెప్పులు జారాయన్నాడు. అంతకు రెండు నెలల ముందునుంచీ మెట్ల మధ్యలో ఆగుతున్నాడనీ, ఎవరైనా చూస్తే గోడకున్న క్యాలెండరులో తేదీ చూస్తున్నట్టు నటిస్తున్నాడనీ ఆ తర్వాత బయటపడింది.

గుండెకు ఎకో స్కాన్ తీశారు. గుండెనుంచి బృహద్ధమని మొదలయ్యేచోట ఉండే వాల్వుకు మామూలుగా మూడు రేకులుంటాయి, అతనికి పుట్టుకతోనే రెండు. మూడింటి పనిని రెండు చేస్తూ వచ్చాయి. రోజుకు లక్షసార్లు తెరుచుకుని, మూసుకుని, అరవయ్యారేళ్ళకు సున్నం పేరుకుని బిగుసుకుపోయాయి. బొటనవేలు పట్టాల్సిన దారి పెన్సిలు దూరేంత అయింది. మెట్లెక్కినప్పుడు ఒంటికి కావలసిన రక్తం ఆ దారిన వెళ్ళలేదు, అందుకే మెదడు ఆరిన దీపమయింది. చెప్పుల తప్పేమీ లేదు.

సర్జను యాభై దాటిన ఆవిడ. ఏ మాటా తొందరగా అనదు. రొమ్ము ఎముకను కోసి, గుండెను ఆపి, ఆ పనిని యంత్రానికి అప్పగించి, పాత వాల్వు కోసేసి కొత్తది కుడతామని బొమ్మ గీసి చెప్పింది. తర్వాత నష్టాలు చెప్పింది. వందమందిలో ఇద్దరు ముగ్గురు ఆ నెల దాటకపోవచ్చు. ఒకరిద్దరికి పక్షవాతం రావచ్చు. అయిదుగురికి గుండె లయ దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. ఏమీ చేయించకుండా ఉంటే, ఇలా స్పృహ తప్పడం మొదలైనవాళ్ళలో సగంమంది మూడేళ్ళు దాటరు. తోడు వెళ్ళిన నేను, అతని అక్కను, ముప్ఫై రెండేళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పాను. నూటికి రెండు అన్నది నల్లబల్ల మీద చాలా చిన్న సంఖ్య. ఆ గదిలో తమ్ముడి పక్కన కూర్చుని దాన్ని చిన్నదనుకోవడం నాకు చేతకాలేదు.

లోహపు వాల్వు చాలాకాలం ఉంటుంది, కాని జీవితాంతం రక్తం పలచబడే మందు మింగాలి. జంతువు పొరతో చేసినదానికి ఆ బాధ లేదు, పన్నెండు పదిహేనేళ్ళకు అరుగుతుంది. సర్జను రెండో రకం నమూనా చేతికిస్తే తమ్ముడు జేబులోంచి భూతద్దం తీసి, కిటికీ వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. అతన్ని ఆ వారమంతా అంత ప్రశాంతంగా నేను చూడలేదు.

"ఎవరు కుట్టారండీ దీన్ని?" అని అడిగాడు.

కార్ఖానాలో ఆడవాళ్ళు సూక్ష్మదర్శిని కింద చేత్తో కుడతారనీ, ఒక్క కుట్టు తేడా వచ్చినా దాన్ని పక్కన పారేస్తారనీ ఆవిడ చెప్పింది. ఇదే పెట్టమన్నాడు. ఇంటికి వస్తూ, వాళ్ళ దగ్గరా ఒక సీసా ఉందన్నమాట, అన్నాడు నాతో.

లేచే ముందు సర్జను ఇంకో రెండు సంగతులు చెప్పింది. ఈ రెండు రేకుల లోపం కుటుంబాల్లో నడుస్తుంది గనుక తోబుట్టువులు కూడా ఎకో తీయించుకోవాలి. నేను తల ఊపాను. రెండోది పళ్ళు. నోట్లో చీము ఎక్కడున్నా అందులోని క్రిములు రక్తంలో కలుస్తాయి. సొంత వాల్వు వాటిని కొంతవరకు తట్టుకుంటుంది, కొత్తదానికి ఆ శక్తి లేదు. ఒకసారి దానిమీద చేరితే మందులు సరిగా అందవు, మళ్ళీ కోయాల్సి వస్తుంది. ఆ రెండో కోత తర్వాత ముగ్గురిలో ఒకరు ఇంటికి రారు. అందుకే పళ్ళ డాక్టరునుంచి ఉత్తరం తేవాలి.

ఆ ఉత్తరం ఎలా తయారైందో తర్వాత తమ్ముడూ డాక్టరూ విడివిడిగా చెప్పారు, రెండు కథనాలూ కలిశాయి. డాక్టరు చిన్న అద్దం పెట్టి నోరంతా చూశాడు. చిగుళ్ళు బాగున్నాయి. నియమం ప్రకారం అన్నిటికీ ఎక్స్‌రే తీయాలి. తీద్దామా అని అడిగాడు కూడా.

"నా క్యాప్ కిందా, డాక్టరుగారూ?" అని తమ్ముడు నవ్వాడట.

డాక్టరు కూడా నవ్వి అద్దం పక్కన పెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో తమ్ముడు చేసిన క్యాప్‌ను ఆయన ఒక్కసారి వెనక్కి పంపలేదు, ఆయన తీసిన అచ్చును తమ్ముడు ఒక్కసారి తప్పుపట్టలేదు. వాళ్ళ స్నేహం ఆ పద్ధతి మీదే నిలిచింది. ఒకరి పనిని ఒకరు తనిఖీ చేయడం వాళ్ళ దృష్టిలో అమర్యాద. ఇద్దరు పెద్దమనుషుల మర్యాద వల్ల ఎక్స్‌రే లేని ఉత్తరం ఆస్పత్రి ఫైలులో చేరింది.

ఆపరేషనుకు ముందురోజు మధ్యాహ్నం తమ్ముణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. మంచం, ఇనుప అలమారా, చక్రాల బల్ల, కిటికీ అవతల వాహనాలు నిలిపే స్థలం. మరదలు ఆపిల్ కోసి ఇచ్చింది. నేను మంచానికి ఎడమవైపు కుర్చీలో కూర్చుని, అతను ముక్కను ఎడమ బుగ్గలోకి నెట్టి, దూడ గడ్డి నమిలినట్టు చాలాసేపు అటే నమలడం చూశాను. రెండో ముక్క కూడా అటే. తర్వాత దిండు సరిచేయడానికి వంగాను. లవంగ నూనె వాసన వచ్చింది.

ఆ వాసన తమ్ముడికి కొత్తది కాదు. పళ్ళ పనిలో లవంగ నూనె వాడతారు, ఆ మేడలో మెట్లు, పరదాలు, మనుషులు అంతా అదే వాసన. నాలుగు దశాబ్దాలుగా మేము దాన్ని తమ్ముడి వాసనే అనుకున్నాము. కనుక అతని చుట్టూ ఉన్న ఎవరికీ అది పట్టింపుకు రాదు. అయితే పడిపోయిన రోజునుంచీ అతను లాబ్ మెట్లెక్కలేదు. ఆరు వారాల్లో చొక్కాలు ఎన్నిసార్లు ఉతికి ఉంటారు? మిగిలిన కారణం ఒక్కటే. పంటినొప్పికి దూదిమీద వేసి పెట్టుకునేది కూడా లవంగ నూనే.

"ముత్యం, ఏ పన్ను?" అన్నాను.

"ఏ పన్నేమిటి?"

"ఆరు వారాలుగా లాబ్‌కు పోనివాడికి ఆ వాసన ఎక్కడిది?"

అతను మరదలి వైపు చూశాడు. ఆవిడ సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది, వెతకడానికి అందులో ఏమీ లేదు. అతని చేయి దిండు పక్కనున్న కళ్ళజోడు పెట్టెమీదికి పోయింది. దాన్ని తెరిచి చూపించమన్నాను. కళ్ళజోడు అతని ముక్కుమీదే ఉంది, పెట్టెలో చిటికెనవేలంత సీసా ఉంది. మూడు వారాలుగా ఆ క్యాప్ కింద సలుపుతోందట. కొని తెచ్చింది మరదలే.

"రేపు ఈపాటికి అయిపోయేదక్కా," అన్నాడు. "పన్ను సంగతి ఆ తర్వాత చూసుకునేవాణ్ణి."

"ఆ తర్వాత లోపల కొత్త వాల్వు ఉంటుంది."

"వాయిదా వేస్తే? ఈలోగా గుండె ఆగిపోతే నువ్వేం చేస్తావు?"

అతను నా చేయి పట్టుకుని గొంతు తగ్గించాడు. డాక్టరుగారు తన మాట నమ్మి సంతకం పెట్టారనీ, ఇప్పుడు ఆ పెద్దమనిషిని అబద్ధాలకోరును చేస్తే తాను ఆ మెట్లు మళ్ళీ ఎలా ఎక్కుతాడనీ అడిగాడు. తాను నిజం దాచాడన్న సిగ్గుకన్నా, తన క్యాప్ కింద చీము పట్టిందన్న సిగ్గు ఎక్కువగా ఉందని నాకు అర్థమైంది.

మరదలు నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది.

"వదినా, చెప్పకండి. పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తుపెట్టుకుని కూర్చుంటున్నారు. పక్కన నేనూ కూర్చుంటున్నాను. ఇంకా ఇన్ని రోజులంటే నావల్ల కాదు."

ఆవిడ అబద్ధం ఆడటం లేదు, అతిశయోక్తి కూడా చెప్పడం లేదు. గదిలోకి తిరిగి వచ్చేసరికి తమ్ముడు గోడవైపు తిరిగి ఉన్నాడు. చెప్పావంటే ఇక నాతో మాట్లాడొద్దు, అన్నాడు.

సర్జను గది ఆ వరండా చివర ఉంది. అక్కడిదాకా నడవడానికి రెండు నిమిషాలు చాలు, నాకు ఇరవై పట్టింది. వాయిదా వేస్తే గుండె ఆగే అవకాశం ఎంతో నాకు తెలియదు, వేయకపోతే వాల్వుకు చీము పట్టే అవకాశం ఎంతో తెలియదు. తెలియని రెండు సంఖ్యల్లో ఏది పెద్దదని ఏ విద్యార్థి అడిగినా ప్రశ్నే తప్పని కూర్చోబెట్టేదాన్ని. ఒక్క తేడా మాత్రం స్పష్టంగా కనిపించింది. నేను చెప్పాక, వాయిదా రోజుల్లో తమ్ముడు పోతే దానికి కారణం నేను. నేను నోరు మూసుకుంటే, నాలుగు నెలల తర్వాత పోయినా దాన్ని తలరాత అంటారు, నన్నెవరూ ఏమీ అనరు. మౌనంగా ఉండాలని నాకు అనిపించడానికి సగం కారణం ఇదేనని గ్రహించాక, తలుపు తట్టాను.

సర్జను ఎవరినీ తిట్టలేదు. ఆస్పత్రిలోని దంత విభాగానికి చక్రాల కుర్చీలో పంపించి ఎక్స్‌రే తీయించింది. క్యాప్ తెల్లగా, నిండుగా మెరుస్తోంది. దానికింద పంటి వేరు కొసన మిరియపు గింజంత నల్లటి నీడ. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి తమ్ముడికి చూపించింది. అతను భూతద్దం అడగలేదు.

మర్నాటి ఆపరేషను రద్దయింది. ఆ సమయాన్ని ఇంకెవరికో ఇచ్చారు. ముందు పన్ను తీయాలి, పది రోజులు సూదిమందు ఎక్కించాలి, రక్తంలో క్రిములు లేవని తేలాలి, అప్పుడు గుండె సంగతి. పన్ను తీయడం కూడా చిన్న పని కాదు. ఇంత ఇరుకైన వాల్వు ఉన్నవాడికి రక్తపోటు కాస్త పడిపోయినా మళ్ళీ లేవకపోవచ్చు. కనుక ఆపరేషను గదిలోనే, మత్తు డాక్టరు పక్కన ఉండగా తీశారు. మా పళ్ళ డాక్టరు కబురు అందగానే వచ్చి, అనుమతి అడిగి, లోపల గోడవారగా నిలబడ్డాడు. క్యాప్‌ను విడిగా ఊడదీయడానికి రెండుసార్లు చూశారట. రాలేదు. చివరికి పన్నుతో కలిసే వచ్చింది.

తమ్ముణ్ణి గదికి తెచ్చాక పళ్ళ డాక్టరు మంచం దగ్గరికి వచ్చాడు.

"నేను ఎక్స్‌రే తీయాల్సింది ముత్యం."

బుగ్గలో దూది ఉన్నందువల్ల తమ్ముడి మాట ముద్దగా వచ్చింది. "నేను చెప్పాల్సింది డాక్టరుగారూ."

వాళ్ళిద్దరి మధ్య సంగతి అంతటితో తేలిపోయింది. నాతో తేలలేదు. తమ్ముడు అన్నంత పనీ చేశాడు. నేను ఎదుటే కూర్చుని ఉంటే, అక్క టీ తాగుతుందేమో అడుగు, అని మరదలికి చెప్పేవాడు. ఆవిడ నావైపు తిరిగి అదే మాట అడిగేది. తాగుతానని నేను ఆవిడకు చెప్పేదాన్ని. అయిదు రోజులు అలా గడిచాయి. గోడమీది తెరలో అతని గుండె ఆకుపచ్చ గీతగా నడిచేది. మాటలు లేనందువల్ల అందరం ఆ గీతనే చూసేవాళ్ళం.

ఆరో రోజు పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేసి స్నానాలగది తలుపు పట్టుకున్నాడు. తలుపు అతనితోపాటు తెరుచుకుంది. కింద పడిన చప్పుడు, తెర కూత ఒకేసారి వినిపించాయి. నర్సు ముందు వచ్చింది, తర్వాత ముగ్గురు. మమ్మల్ని వరండాలోకి నెట్టారు. తలుపు సందులోంచి నాకు అతని అరికాళ్ళు మాత్రం కనిపించాయి. అవి కదలడం లేదు. మరదలు నావైపు చూసింది, అంతే. మా బంధుత్వం నలభై ఏళ్ళది, అందులో ఆవిడ అన్న ఏ మాటా ఆ చూపంత బరువుగా లేదు. తలుపు తట్టినది నేను. ఆ రోజులు పుట్టించినది నేను.

కాసేపటికి అరికాళ్ళు ముడుచుకున్నాయి. ఎవరో అతన్ని పిలుస్తున్నారు, అతను బదులు చెబుతున్నాడు.

సర్జను వచ్చి ఇక పది రోజులు ఆగడానికి వీల్లేదంది. అప్పటిదాకా రక్తంలో ఏ క్రిమీ పెరగలేదు, పన్ను తీసినచోట మానుతోంది. ఎల్లుండి పొద్దున చేస్తామంది. ఈ రెండు రోజులైనా ఎలా గడుస్తాయని అడిగాను. మంచం దిగనివ్వకండి, అంది.

ఎనిమిదో రోజు ఏడింటికి తీసుకెళ్ళారు. అయిదు గంటలు పడుతుందన్నారు. నిరీక్షణ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా బిగించి ఉన్నాయి, ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. నేను, మరదలు, పళ్ళ డాక్టరు ఒకే వరసలో కూర్చున్నాము. పన్నెండయింది. ఒంటిగంట అయింది. అప్పటికి రెండు కుటుంబాలను లోపలికి పిలిచారు. ఒకరు నవ్వుతూ వచ్చారు. ఇంకొకరు వేరే తలుపునుంచి వెళ్ళారు కాబట్టి మాకు కనిపించలేదు. డాక్టరు తన గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. మరదలి మోకాలు వణుకుతూ ఉంటే వరసంతా వణికింది. నేను ఆవిడ మోకాలి మీద చేయి వేశాను. తీసేస్తుందనుకున్నాను. తీయలేదు.

రెండు దాటాక సర్జను టోపీ చేత్తో పట్టుకుని వచ్చింది. జరిగింది జరిగిన వరసలో చెప్పింది. వాల్వు కుట్టడం బాగా కుదిరింది. యంత్రం ఆపినప్పుడు గుండె తనంతట తాను కొట్టుకోలేదు. సున్నం గీకినచోటుకు పక్కనే లయను మోసే నరంలాంటి దారి ఉంది, అది దెబ్బతింది. తాత్కాలికంగా తీగ పెట్టి నడిపిస్తున్నారు. రెండు మూడు రోజుల్లో సొంత లయ రావచ్చు, రాకపోవచ్చు.

రాలేదు. నాలుగో రోజున భుజం కింద పేస్‌మేకర్ అమర్చారు. మొదటిరోజు ఆవిడ చెప్పిన వందలోని ఆ అయిదుగురిలో మావాడు ఒకడయ్యాడు. కోసి తీసిన పాత వాల్వును పరీక్షకు పంపితే అందులో క్రిములు లేవని వచ్చింది.

ఇంటికి పంపే రోజున సర్జనును ఒంటరిగా అడిగాను. ఆ పన్ను అలాగే ఉంచి చేసి ఉంటే కొత్త వాల్వుకు చీము పట్టేదా అని.

"తెలియదమ్మా," అంది. "చాలామందికి ఏమీ కాదు. కొందరికి అవుతుంది. ఆ కొందరిని నేను చూశాను."

కాబట్టి నేను తమ్ముణ్ణి కాపాడానో, ఊరికే ఎనిమిది రోజులు చావు అంచున కూర్చోబెట్టానో ఎప్పటికీ తేలదు. స్నానాలగది ముందు పడిపోవడానికి మాత్రం కారణం నేనే, అందులో సందేహం లేదు.

మూడు నెలలకు తమ్ముడు తిరిగి పనికి వెళ్ళాడు. మొదటిరోజు తోడు రమ్మని మరదలితో చెప్పించాడు. మెట్లు అతను ముందు, నేను వెనక ఎక్కాము. ఒక్కచోట ఆగకుండా ఎక్కేసి, తలుపు తాళం తీసి, నేను వచ్చేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో ఆ పన్ను, క్యాప్ పెట్టుకుని ఉంది. దీపం వేసి భూతద్దం కింద దాన్ని చాలాసేపు తిప్పాడు. తర్వాత నాకు చోటిచ్చి చూడమన్నాడు. పింగాణీకీ పంటికీ మధ్య లోపలివైపు సన్నటి నల్లగీత కనిపించింది. సిమెంటు కరిగిపోయి, క్రిములు దూరిన దారి అదే.

"అంచులో తేడా ఉందక్కా. వెంట్రుకవాసి. ఇరవయ్యారేళ్ళు ఎవడికీ కనిపించలేదు."

మూడు నెలల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. కిటికీలోని సీసా మూత తిప్పి క్యాప్‌ను పన్నుతో సహా అందులో వేశాడు. మూత బిగించి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ అడిగాడు.

"నీ ఎకో ఏమైంది?"

"దేనికి? నేను బాగానే ఉన్నాను."

"నేనూ అదే అన్నాను." తువ్వాలు మేకుకు తగిలించాడు. "ఇందాక ఎక్కేటప్పుడు క్యాలెండరు దగ్గర ఎందుకు ఆగావు?"

"నెల మార్చలేదు. ఇంకా నువ్వు పడిపోయిన నెలే ఉంది. అది చూశాను."

అతను నన్ను చూశాడు. నోళ్ళు తప్ప ముఖాలు తెలియవనుకున్న మనిషి, నా ముఖాన్ని అచ్చును చూసినట్టు, అంచులవెంట చూశాడు. దీపం ఆర్పి, బల్లమీది తాళంచెవులు తీసుకుని, మెట్ల దగ్గర నా మోచేయి పట్టుకున్నాడు. ఆస్పత్రి మూడింటిదాకా తెరిచే ఉంటుందన్నాడు. నేను కాదనలేదు.